అక్క అడిగినట్టే

పెద్దది పోయాక కూడా ఆ ఇంట్లో చిన్నదాన్ని చిన్నదనే పిలుస్తూ వచ్చారు. అలవాటు. బడిలో రాయించిన పేరు ఒకటుంది, చక్కటి పేరే, తండ్రి ముచ్చటపడి పెట్టిందే. కానీ ఇంట్లో అది ఎవరి నోటా పలికేది కాదు. ఇద్దరు ఆడపిల్లలున్న ఇల్లు. పెద్దదానా, చిన్నదానా అంటే సరిపోయేది. ఒకదాన్ని పిలిస్తే రెండూ పరిగెత్తుకొచ్చేవి, అదొక గొడవ.

ఇప్పుడు పిలిస్తే, ఉన్న ఒక్కతీ రావడం లేదు.

మూడో అంతస్తులో రెండు గదుల వాటా వాళ్ళది. వంటింటికీ పిల్లల గదికీ మధ్య గోడ అని ఒకటుంది కానీ, అది అద్దెకిచ్చినాయన ఒక గదిని రెండు చేయడానికి నిలబెట్టిన చెక్కబల్ల. దానికి సున్నం కొట్టి గోడ అన్నాడు. అటు దగ్గితే ఇటు వినపడుతుంది. పిల్లల గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంటుంది. రెండోదాని మీద చిన్నది, బడి నుంచి వచ్చిన క్షణం నుంచి మళ్ళీ బడికి వెళ్ళేదాకా.

పెద్దది అలా కాదు. ఎక్కడ నలుగురు పిల్లలు గుంపుగా కనపడినా అందులో తల దూర్చేది. ఈత అన్నారా, వెళ్ళింది. పాటల బృందం అన్నారా, గొంతు లేకపోయినా వెళ్ళింది. కాగితాలతో తోలుబొమ్మలు చేయడం నేర్పుతారంటే అక్కడికీ వెళ్ళి, ఇల్లంతా జిగురు చేసింది. వెళ్ళేటప్పుడు ఎన్నడూ ఒక్కతే వెళ్ళింది లేదు. చిన్నది జనాన్ని చూస్తే తలుపు వెనక్కి పోయే రకం. దాన్ని బతిమాలితే రాదు, కోప్పడితే అసలు రాదు. పెద్దది రెండూ చేసేది కాదు. చెల్లెలి మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి, "నాకొక్కదానికీ భయమేస్తోందే, తోడు రావే" అనేది.

దానికి భయం! ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపల ఇరుక్కున్న పెద్దవాళ్ళందరికీ పొడుపుకథలు వేసి కూర్చోబెట్టిన పిల్ల అది. తల్లి చెక్కగోడకి ఇవతల గిన్నెలు తోముతూ ఆ మాట వినేది, నవ్వాపుకునేది. కాసేపటికి చిన్నది బయటికి వచ్చి చెప్పులేసుకుంటూ, "ఏం చేయనమ్మా, నేను లేకపోతే అక్కకి భయం" అని పెద్ద ఆరిందాలా చెప్పేది. ఆ చెప్పడంలో దాని మెడ కాస్త సాగేది.

కిందటేడు వానల్లో పెద్దదానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రికి నడిచి వెళ్ళింది, నడిచి రాలేదు.

* * *

తల్లి పనిచేసేది బట్టలు సరిచేసే దుకాణంలో. కొత్తవి కుట్టరు. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగినవి అతకడం. ఆమె చేయి జిప్పుల మీద బాగా తిరిగింది. రన్నరు పళ్ళు వదిలేసిన సంచీ అయినా, మధ్యలో నోరు తెరిచిన కోటు అయినా ఆమె ముందుకే వచ్చేది. దుకాణంలో అందరికీ ఆమె జిప్పుల అక్క. పక్క మిషను మీద కూర్చునే ఆవిడ కాజాలు తీస్తుంది కాబట్టి ఆవిడ కాజాల అక్క.

"మీ చిన్నదాని బడినుంచి ఫోనొచ్చిందన్నావు, ఏమైంది?" అని ఒకరోజు కాజాల అక్క అడిగింది.

"మార్కులు బాగానే ఉన్నాయట. మాట్లాడ్డం లేదట. మందులేం అక్కర్లేదండీ, నలుగురిలో పడాలి, ఏదో ఒకదాంట్లో వేయండి అన్నారు క్లాసు టీచరు."

"వేయండి అంటే? ఇదేమన్నా నానబెట్టిన బట్టా, వేసి తీయడానికి?"

"నేనూ అదే అనుకున్నా. పైకి సరేనండీ అన్నా."

సరే అన్నది గనక మొదలుపెట్టింది. బజారులో గోడలకంటించిన ప్రకటనలన్నీ చదివింది. వార్డు హాల్లో ఏ సాయంత్రం ఏం నేర్పుతారో అడిగి తెలుసుకుంది. భోజనాల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే బయటపెట్టేది.

"బొమ్మలు గీయడం?"

"రాదు."

"రాదనే కదే నేర్పేది. పోనీ ఈత?"

"జలుబు చేస్తుంది."

"పాటలు?"

"నా గొంతు నాకే నచ్చదు."

"చదరంగం? ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కూడా."

"మాట్లాడక్కర్లేకపోతే ఇంట్లోనే ఉండొచ్చుగా."

తండ్రి కంచంలోంచి తలెత్తాడు. "దీనికి సరిపడా లాయరు చదువేమన్నా ఉందేమో కనుక్కోవే."

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊరందరి లిఫ్టులూ బాగుచేసి, లిఫ్టు లేని ఈ ఇంటికి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కి వస్తాడు. ఆయన తన వంతుగా ఒక బాడ్మింటన్ రాకెట్టు కొనుక్కొచ్చాడు. చిన్నది థాంక్స్ నాన్నా అంది. దాన్ని తలుపు వెనక తగిలించింది. నెల తిరిగేసరికి తల్లి దానితో దిండ్లలో దుమ్ము దులుపుతోంది.

ఒక ఆదివారం ఆమెకి విసుగొచ్చి రెక్క పట్టుకుని బొమ్మల క్లాసుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పిల్ల ఎదురు చెప్పలేదు. తెల్లకాగితం ముందు గంటంతా కూర్చుంది. ఒక్క గీత గీయలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, రంగే అంటని చేతుల్ని చాలాసేపు కడుక్కుంది. కుళాయి చప్పుడు వింటూ తల్లి, ఇంకెప్పుడూ ఇలా తీసుకెళ్ళకూడదనుకుంది.

* * *

వార్డు హాల్లో ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పే ఆయన మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతూ ఉంటుంది. అందరూ విజిల్ సార్ అంటారు. ఆయన ఒకరోజు అంచు చిరిగిన వాలీబాల్ నెట్టు పెద్ద మూటలా పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"చేపలకి వెళ్తున్నారా సార్?" అంది కాజాల అక్క.

"పిల్లలకి వెళ్తున్నానమ్మా. పడట్లేదు."

జిప్పుల అక్క నెట్టు అంచుకి మందపాటి పట్టీ వేసి కుడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "పిల్లలు అసలు ఎట్లా వస్తారు సార్ మీ దగ్గరికి?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. "ఆట మీద ఇష్టంతో ఎవరూ రారమ్మా, మొదటిరోజు. అది పెద్దవాళ్ళు అనుకునే మాట. పక్కింటి పిల్ల వెళ్తోంది కాబట్టి వస్తారు. ఎవరో గుమ్మంలో నిలబడి, రావే, నువ్వు లేకపోతే నేను వెళ్ళను అంటే వస్తారు. రెండు మూడు వారాలు అలా వచ్చాక ఆటే పట్టుకుంటుంది, ఇక వదలదు. అమ్మానాన్న పంపిస్తే మటుకు బూటు లేసులు కట్టుకుంటూనే గంటంతా గడిపేస్తారు."

"మీరు పిలిస్తేనో?"

"నేను పిలిస్తే పనికిరాదు. మీరు పిలిస్తే అసలే పనికిరాదు. వాళ్ళ ఈడు వాళ్ళే పిలవాలి."

నెట్టు తీసుకుని ఆయన వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడి పిలవాలన్న మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఆ సాయంత్రం ఒక పిల్లవాడి సంచీకి జిప్పు తలకిందులుగా కుట్టి, మళ్ళీ విప్పుకుంది.

ఆ వారంలోనే పొడుగుకాళ్ళ పిల్ల వచ్చింది. మందుల షాపు వాళ్ళమ్మాయి. దానికి ఏ పాంటు కొన్నా మూడు నెలల్లో చీలమండల పైకి లేచిపోతుంది. వచ్చినప్పుడల్లా కింద మడత విప్పి పొడుగు చేయించుకుపోతుంది. వార్డు హాల్లో ఆడే పిల్లల్లో అదొకతె.

"ఈసారి విప్పడానికి మడత కూడా లేదే తల్లీ. వేరే గుడ్డ అతకాలి," అంది జిప్పుల అక్క.

"అతికించెయ్యండాంటీ. మా నాన్న అయితే కాళ్ళే మడత పెట్టుకోమంటున్నాడు."

కాజాల అక్క పకపకా నవ్వింది. జిప్పుల అక్క నవ్వలేదు. పాంటు తిరగేసి పట్టుకుని, "మా చిన్నది తెలుసా నీకు?" అంది.

"బి సెక్షన్లో చివరి బెంచీ కదా? తెలుసు. మాట్లాడదు."

"మాట్లాడుతుంది. పిలిస్తే." పాంటు మళ్ళీ తిరగేసింది. "నువ్వొచ్చి ఒకసారి పిలుస్తావా? వాలీబాల్‌కి. నేను పిలవమన్నానని మాత్రం చెప్పకూడదు."

"ఓ, దానికేం ఆంటీ. ఏమని పిలవను? ఊరికే రమ్మంటే వస్తుందా?"

రాదని ఆమెకి తెలుసు. ఊరికే రమ్మన్నవాళ్ళందరికీ చిన్నది రాననే చెప్పింది ఈ ఏడాదంతా. చేతిలో ఉన్న పాంటు జేబు అంచును వేలితో రుద్దుతూ కూర్చుంది. తరవాత ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలీదు. ఆలోచించి అన్నది కాదు. చెక్కగోడ అవతలినుంచి వచ్చినట్టే వచ్చింది.

"నాకొక్కదానికీ భయమేస్తోంది, తోడు రావా అని అడుగు."

"నాకా! భయమా!" పొడుగుకాళ్ళ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "ఆంటీ, మొన్న మా కోచింగులో..."

"ఉత్తినే అను. గొంతు కాస్త తగ్గించి అను."

పిల్ల తలూపింది. ఒకసారి పెదవులతో అనుకుని చూసుకుంది కూడా, పద్యం వల్లె వేసినట్టు. ఆమె పాంటుకి గుడ్డ అతికి, అడగకపోయినా జేబుకి జిప్పు వేసి ఇచ్చింది.

పిల్ల వెళ్ళాక కాజాల అక్క మిషను ఆపింది. "ఎవరి మాట జిప్పులూ అది?"

"ఎవరిదైతే ఏం?"

"ఏం లేదులే. నీ మొహం అదోలా అయింది, అందుకని అడిగా."

* * *

పొడుగుకాళ్ళ పిల్ల మర్నాడు సాయంత్రమే వచ్చింది. తల్లి తలుపు తీసి, ముందెన్నడూ చూడనట్టు, "ఎవరమ్మా నువ్వు? చిన్నదాని క్లాసా? లోపలుంది, వెళ్ళు" అంది. వంటింట్లోకి వచ్చి నిలబడింది. పొయ్యి మీద పాలు. మంట తగ్గించింది, చప్పుడు లేకుండా.

అవతల ఏవో పొడి పొడి మాటలు. తరవాత, గొంతు తగ్గించి, చెప్పమన్నది చెప్పమన్నట్టే.

"నాకొక్కదానికీ భయమేస్తోంది. తోడు రావా?"

పాలు పొంగి పొయ్యంతా కారినా తల్లి కదల్లేదు. మంచం కిర్రుమంది. మంచం కింద బూట్లు వెతుకుతున్న చప్పుడు.

చిన్నది వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. "అమ్మా, ఒక్కసారి వెళ్ళొస్తా. తనకి ఒక్కదానికీ భయంట." అలా అంటుంటే దాని మెడ కాస్త సాగింది.

"వెళ్ళిరా," అని తల్లి వెంటనే వెనక్కి తిరిగి కుళాయి తిప్పింది. కడగడానికి ఏమీ లేదు. నీళ్ళ చప్పుడు కావాలి, అంతే.

ఆ తరవాతి రోజులు ఆమె జ్ఞాపకం చేసుకోవడానికి భయపడే రోజులు, అంత బాగుండేవి. విజిల్ సార్ చెప్పినట్టే అయింది. మొదట్లో చిన్నది పొడుగుకాళ్ళ పిల్ల కోసం వెళ్ళింది. తరవాత వాన పడుతున్నా వెళ్ళింది. తరవాత ఆ పిల్లకి ఒంట్లో బాగాలేని రోజున ఒక్కతే వెళ్ళింది. మోకాళ్ళు కొట్టుకుపోయి వచ్చేది. భోజనాల దగ్గర నోరు మూతపడేది కాదు. సర్వీసులు, పాయింట్లు, అరుపులు.

"నేనిప్పుడు లిఫ్టర్ని నాన్నా. బంతి నా దగ్గరికి వస్తే, కొట్టేవాళ్ళకి అందేలా పైకి లేపాలి. నేను సరిగా లేపకపోతే ఎంత పొడుగుకాళ్ళున్నా తనేం చేయలేదు."

"మన వంశంలో లిఫ్టు మనిషిని నేనొక్కణ్ణే అనుకున్నా," అన్నాడాయన. "చెడిపోతే చెప్పు, గ్రీజు పెడతా."

చిన్నది నవ్వింది. పైకి, పళ్ళు కనపడేలా. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఆగదని తెలుసు.

ఒక సాయంత్రం తల్లి పాత దిండులో స్పాంజి తీసి, దానికి మోకాళ్ళ పట్టీలు కుడుతూ కూర్చుంది. చిన్నది వచ్చి పక్కన నేల మీద చతికిలబడింది.

"అమ్మా, ఒకటి చెప్తా. నవ్వకూడదు."

"నవ్వను, చెప్పు."

"మొదటిరోజు తను నన్ను పిలవడానికొచ్చింది చూడు. అచ్చం అక్క అడిగినట్టే అడిగింది. అక్క నన్ను ఎట్లా పిలిచేదో నీకు తెలీదులే. మా ఇద్దరికే తెలుసు. అదే మాట. గొంతు కూడా అట్లాగే తగ్గించి." చిన్నది స్పాంజి ముక్కను నలుపుతోంది. "అక్కే పంపిందేమో కదా?"

తల్లి చేతిలో సూది ఆగింది. ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది. చెప్పేయొచ్చు, ఇప్పుడైతే ఇంకా చిన్న అబద్ధమే. కానీ దాని కళ్ళు చూసింది. ఏడాదిగా ఆ కళ్ళు ఇలా ఎత్తి తనని చూసింది లేదు.

"అయ్యుంటుందే," అంది.

చిన్నది తల ఆమె మోకాలికి ఆనించింది. ఆ రాత్రి తల్లిని పట్టుకుని పడుకుంది.

* * *

పక్క వార్డు పిల్లలతో మ్యాచి. ఓ శనివారం సాయంత్రం. దుకాణంలో అడిగి తల్లి ముందే బయలుదేరింది. ఒక పట్టీకి ఎలాస్టిక్ వదులైందంటే కొత్తది వేసి సంచీలో పెట్టుకుంది. సరదాకి, బయటికి కనపడకుండా లోపలివైపు ఒక చిన్న పువ్వు కూడా కుట్టింది.

హాలు గుమ్మంలోనే పొడుగుకాళ్ళ పిల్ల ఎదురొచ్చింది. ఆట దుస్తుల్లో ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. లోపల ఒక ఆట అయి విరామం ఇచ్చినట్టున్నారు.

"ఆంటీ, చెప్పేశా."

"ఏం చెప్పేశావు?" అంది గానీ అప్పటికే తెలిసిపోయింది.

"బూట్లు వేసుకుంటుంటే తను అన్నీ చెప్పింది. వాళ్ళక్క గురించి. నువ్వు రాకపోతే నేను ఆ గదిలోనే ఉండిపోయేదాన్ని, అక్కే నిన్ను పంపింది, మా అమ్మ కూడా అదే అంది అని నా చెయ్యి పట్టుకుంది. నేనెట్లా ఊరుకోను ఆంటీ? నాకు ఒళ్ళంతా ఎలాగో అయిపోయింది. మీ అమ్మే చెప్పమంది అనేశా." ముక్కు తుడుచుకుంది. "అది మీ పెద్దమ్మాయి మాటని నాకేం తెలుసు? మీరు చెప్పాలి కదా. చెప్పుంటే నేను అనేదాన్నే కాదు."

పదహారేళ్ళు నిండని పిల్ల. తల్లి సంచీ చంకలోకి లాక్కుంది. "మ్యాచి?" అని మాత్రం అడిగింది.

"తను ఇంటికెళ్ళిపోయింది. ఇంకో పిల్లని పెట్టుకున్నాం. పోయేలా ఉంది."

తల్లి ఇంటికి ఎట్లా వచ్చిందో, మెట్లు ఎట్లా ఎక్కిందో. చిన్నది గదిలో ఉంది. తన మంచం మీద కాదు, ముడత పడకుండా పరిచి ఉంచిన అక్క మంచం మీద కూర్చుని ఉంది. దుప్పటి అంతా నలిగిపోయింది.

"ఎప్పుడు విన్నావు?" అంది తలెత్తకుండా.

"ఏంటే?"

"అక్క నన్ను పిలవడం."

"ఎప్పుడూ వినపడేదేనే. ఈ గోడ ఒక గోడా? వంటింట్లో ఉంటే..."

"ఎప్పుడూనా." చిన్నది ఆ మాటను రెండుసార్లు అనుకుంది. "మేం గుసగుసలాడుకుంటున్నాం అనుకునేవాళ్ళం."

"నీ కోసమే చేశానే. నువ్వట్లా గోడకేసి తిరిగి పడుకుంటే నేను చూడలేక..."

"విన్నదానివి నీ దగ్గరే పెట్టుకోవాల్సింది. ఫోటోలున్నాయి, అవి అందరివీ. అక్క బట్టలు నువ్వు ఎవరెవరికో ఇచ్చేశావు, నేనేం అనలేదు. నాకని ఆ ఒక్క మాటుంది. దాన్ని తీసుకెళ్ళి దుకాణంలో, పాంటు కుడుతూ, ఎవరికో నేర్పావు. గొంతు తగ్గించమని కూడా చెప్పావట. జేబుకి జిప్పు వేసిచ్చావట."

"తప్పే. తప్పే చేశా..."

"దానికి కాదు నా కోపం." ఇప్పుడు తలెత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. అది చూడటమే కష్టంగా ఉంది. "అక్కే పంపిందేమో అని అడిగితే, అయ్యుంటుందే అన్నావు చూడు. అప్పుడు నిన్ను పట్టుకుని పడుకున్నా నేను."

తల్లి ముందుకు రాబోయింది. చిన్నది కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"రేపు ఆ మాట నాకు గుర్తొస్తే ఏ గొంతుతో గుర్తొస్తుందో చెప్పు. ఇప్పుడు అక్క మాట అనుకుంటే ఆ పిల్ల గొంతే వినపడుతోంది. అక్క వినపడట్లేదు."

తల్లి నలిగిన దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది.

"చిన్నదానా..."

"అట్లా పిలవకు. పెద్దది లేకుండా చిన్నదేంటి?"

* * *

మళ్ళీ బడి, మంచం. కానీ ముందటి మౌనం వేరు, ఇది వేరు. ముందు ఆ పిల్ల లోకం మీద తలుపేసుకుంది. ఇప్పుడు వేసిన తలుపు తల్లి మీదే. తండ్రితో మాట్లాడేది, అన్నం తినేది, అడిగినదానికి ఊఁ కొట్టేది. తల్లి వంటింట్లోకి రాగానే, అవతల గదిలో ఉన్న కాస్త చప్పుడూ ఆగిపోయేది. పుస్తకం పేజీ తిప్పడం కూడా.

పొడుగుకాళ్ళ పిల్ల మాత్రం రావడం మానలేదు. ఆట ఉన్న సాయంత్రాలన్నీ వచ్చేది. బెల్లు కొట్టేది. చిన్నది గదిలోంచి బయటికి వచ్చేది కాదు. ఆ పిల్ల కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోయేది.

మ్యాచి తరవాత మొదటిసారి వచ్చినప్పుడు చిన్నది గది తలుపు వెనకనుంచి, "ఈసారి ఏం నేర్పి పంపావు?" అంది.

"నేనేం చెప్పలేదే. తనంతట తనే వచ్చింది."

"ఆ రోజూ ఎవరమ్మా నువ్వు అన్నావుగా గుమ్మంలో. ఎంత బాగా అన్నావో."

నీ మీద ఒట్టు అనబోయి తల్లి నాలుక కరుచుకుంది. పిల్ల మీద ఒట్టు వేయడం పెద్దది పోయిననాటినుంచే ఆమె మానేసింది. ఇక దేని మీద వేస్తుంది? ఇన్నాళ్ళూ తను కోరుకున్న పిలుపు, ఎవరూ చెప్పకుండా, నిజంగా వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. అది నిజమని చెప్పడానికి ఆ ఇంట్లో పనికిరానిది ఒక్క తన నోరే.

భర్తతో చెప్పింది. "మీరు చెప్పండి. మీ మాట నమ్ముతుంది."

ఆయన సంచీలోంచి స్పానర్లు తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. "నేను చెప్పినా నువ్వు చెప్పమన్నావనే అనుకుంటుందే," అన్నాడు మెల్లగా. "వదిలేయ్ కొన్నాళ్ళు."

ఒక సాయంత్రం తల్లికి ఆ మెట్ల మీది పిల్లని చూసి జాలేసింది. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది. పాంటు మళ్ళీ పొట్టిదైంది దానికి.

"ఇక రాకమ్మా. నీకెందుకు శ్రమ? అది రాదు."

"మీ కోసం రావట్లేదాంటీ నేను."

"తెలుసులే. ఆ మాటే దానికి వినపడేలా ఒక్కసారి చెప్పు తల్లీ. నన్ను నమ్మట్లేదు."

పొడుగుకాళ్ళ పిల్ల గబుక్కున లేచి నిలబడింది. "చెప్పను! మీరు చెప్పమన్నది ఇక ఏదీ చెప్పను. ఒకసారి చెప్పినందుకే ఇట్లా అయింది. నాకు తనతో ఆడాలనుంది, వస్తున్నా. వస్తే వస్తుంది, రాకపోతే కూర్చుంటా. మీరు లోపలికి వెళ్ళండాంటీ, ప్లీజ్."

అది గుసగుస కాదు. మెట్లన్నీ మోగాయి. పిల్లల గదికి మెట్లవైపు ఒక వెంటిలేటరు ఉంది. దాని అద్దం ఎప్పుడో పగిలిపోతే అట్ట పెట్టారు.

తల్లి మొహం కందిపోయింది. పరాయి పిల్ల చేత చీవాట్లు తిని లోపలికి వచ్చి, ఏం చేయాలో తోచక, చల్లారిన పాలగిన్నె ముందుకు లాక్కుంది. గరిట చివర తోడు తీసుకుంది. వేయకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

చెక్కగోడ అవతల మంచం కిర్రుమంది.

చిన్నది బయటికి వచ్చింది. బూట్లు చేతిలో ఉన్నాయి. కొత్త ఎలాస్టిక్ వేసిన పట్టీ టీవీ మీద పడి ఉంది, ఆ మ్యాచి రోజునుంచీ. తీసుకోలేదు. తల్లి పక్కనుంచే, గాలి తగిలేంత దగ్గరగా, నడిచి గుమ్మం దాటింది.

"లిఫ్టింగ్ ఎవరు చేస్తున్నారు ఇప్పుడు?" అంటోంది మెట్ల దగ్గర.

"ఆ చెవిపోగుల పిల్ల. పైకి వేయమంటే సీలింగుకి కొడుతోంది. ఫ్యాను ఒక రెక్క వంగింది."

చిన్న నవ్వు వినపడింది. తల్లి ఆ నవ్వు కోసం ఏడాదంతా ఏ గుమ్మం ఎక్కలేదో, ఎవరిని అడగలేదో. అది వచ్చింది. వచ్చి, మెట్ల వైపు వెళ్ళిపోతోంది.

ఆమె గరిట గిన్నెలో వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తింది. రెండు జతల అడుగులు దిగుతున్నాయి. జాగ్రత్త అనాలి. చీకటి పడకముందే రా అనాలి. ఏదో ఒకటి. పిలవడానికి నోరు తెరిచింది. చి, అని పెదవుల దాకా వచ్చింది, ఆగిపోయింది. అట్లా పిలవొద్దంది. మరి ఎట్లా పిలవాలి? కన్నబిడ్డని పిలవడానికి పేరు లేక, మెట్ల పిట్టగోడ పట్టుకుని నిలబడింది ఆ తల్లి.

అప్పుడు బడి పేరుతో పిలిచింది. తండ్రి ముచ్చటపడి పెట్టిన పేరు. నోట్లో ఆ పేరు కొత్త చెప్పులా కరిచింది.

కింద అడుగులు ఆగాయి. ఒక జత మాత్రమే. కొంచెంసేపు. జవాబు రాలేదు, తల పైకెత్తినట్టూ లేదు. మళ్ళీ దిగడం మొదలైంది, మెల్లగా, తరవాత రెండేసి మెట్లు.

భర్త పని నుంచి వచ్చేసరికి ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆయన ఆయాసపడుతూ సంచీ దించాడు.

"ఏంటిట్లా నిలబడ్డావు? లోపల ఎవరూ లేరా?"

"ఆటకెళ్ళింది," అని ఆమె ఆ పేరు చెప్పింది.

"ఎవరు?" అన్నాడాయన.